ఈ ఇంట్లో ఎవరుంటున్నారు?

మున్సిపల్ ఆఫీసు లైసెన్సు సెక్షన్లో పనిచేసే ఇన్‌స్పెక్టర్ని వెనకాల అందరూ సొరుగు సారు అంటారు. ముఖానే అన్నవాళ్ళూ ఒకరిద్దరున్నారు. ఆయన ఏమీ అనుకోలేదు. అనుకోవడానికేముంది, ఆ పేరు ఆయన చేజేతులా తెచ్చుకున్నదే.

సంగతేమిటంటే, ఆ ఊళ్ళో ఇంటిని రోజుల లెక్కన అద్దెకివ్వాలంటే లైసెన్సుండాలి. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎక్కువ, హోటళ్ళు తక్కువ. ఒకప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఓ గది ఖాళీ చేసి ఫోన్లో ఫోటో పెట్టేసేవారు. తరవాత డబ్బున్నవాళ్ళు దిగారు. వీధులకు వీధులు కొనేసి, ప్రతి తలుపుకూ అంకెలు నొక్కే తాళం బిగించి, మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. ఊరివాళ్ళకు నెల అద్దెకు ఇల్లు దొరకడం గగనమైపోయింది. అప్పటికిగాని మున్సిపాలిటీ మేలుకోలేదు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత ఊరికే పుట్టిందా? మేలుకున్నాక మాత్రం గట్టి రూలే పెట్టింది. సొంతదారు ఆ ఇంట్లోనే కాపురముంటేనే మిగతా గదులు రోజువారీ అద్దెకివ్వాలి. ఉండకపోతే కొత్త లైసెన్సు రాదు, ఉన్నది ఊడుతుంది.

రూలు రాయడానికేం, ఎవరైనా రాస్తారు. ఫలానా మనిషి ఫలానా ఇంట్లో ఉంటున్నాడని తేల్చడమెలా? కరెంటు బిల్లు ఎవరి పేరు మీదైనా వస్తుంది. నలిగిన దుప్పటి మంచం మీద పడెయ్యడం చంటిపిల్లకు కూడా చేతనవును. బెల్లు మోగాక పరుగెత్తి టూత్‌బ్రష్షును కుళాయి కింద పెట్టినా తడుస్తుంది. అందుకని ఇన్‌స్పెక్టరు ఇవేవీ చూడడు. తిన్నగా వంటింట్లోకి నడిచి సొరుగులు లాగుతాడు.

కాపురమున్న ప్రతి ఇంట్లోనూ ఒక సొరుగుంటుంది. అది చెంచాలదీ కాదు, కత్తులదీ కాదు. అందులో రబ్బరుబ్యాండ్లు, అయిపోయిన బ్యాటరీలు, ఏ తాళానిదో ఎవరికీ గుర్తులేని తాళంచెవి, సగం ఖాళీ అయిన మాత్రల అట్ట, మూత పోయిన పెన్ను, పెన్ను పోయిన మూత ఉంటాయి. దాన్ని ఎవరూ సర్దరు, అలాగని ఎవరూ పారెయ్యరు. కాపురం లేనివాడు ఇల్లంతా అలంకరించగలడుగాని ఆ సొరుగును మాత్రం నింపలేడు. ఈ ఒక్క కిటుకుతో ఆయన ఏడాదిన్నరలో నలభై మూడు లైసెన్సులు ఊడబెరికాడు.

ఊరేమైనా తక్కువ తిన్నదా? కిటుకు బయటికి పొక్కగానే దొంగ సొరుగులు మొదలయ్యాయి. ఒక పెద్దమనిషి రబ్బరుబ్యాండ్లను పొట్లం విప్పకుండా, ధర చీటీతో సహా పెట్టాడు. ఇంకొకావిడ, అయిపోయిన బ్యాటరీలు ఎక్కడ దొరుకుతాయో తెలియక కొత్తవే కొనిపెట్టింది. ఆయన నవ్వకుండా రాసుకుని వచ్చేశాడు. పరాయి ఇళ్ళ సొరుగులన్నీ లాగే మనిషికి తన వంటింట్లో సొరుగు ఇరుక్కుపోయి మూణ్ణెల్లయిన సంగతి పట్టదని, ఇంట్లో ఈగల మోత బయట పల్లకీ మోత అంటే ఇదేనని ఇంట్లో భార్య దెప్పుతూ ఉండేది.

అలాంటి ఆయన బల్ల మీదకు ఒక సోమవారం నాడు మిషనమ్మ ఫైలు వచ్చింది.

మిషనమ్మ అనేది వీధిలోవాళ్ళు పెట్టిన పేరు. ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కి బట్టలు కుట్టింది. పెళ్ళి మాట ఎత్తితే చేతిలో ఉన్న జాకెట్లు అయ్యాక చూద్దామనేది, జాకెట్లు ఎప్పటికీ అవ్వలేదు. చివరికి మణికట్టు దెబ్బతింది. సూదిలో దారం ఎక్కించడమే కష్టమైపోయాక కుట్టుపని మానేసి, తండ్రి కట్టిన చిన్న ఇంట్లో ముందుగది, వెనకగది రోజువారీ అద్దెకివ్వడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళుగా ఆ రెండు గదులే ఆవిడకు అన్నం పెడుతున్నాయి. వేరే ఆధారం లేదు.

ఫైల్లో ఒక పిటిషనుంది. ఎదురింటాయన రాశాడు. తాను మూడేళ్ళుగా ఎదురుగానే ఉంటున్నాననీ, ఆ ఇంట్లో యజమాని అనే మనిషిని ఒక్కసారి కూడా చూడలేదనీ, రోజుకో కొత్త ముఖం, చక్రాల పెట్టెల గరగర తప్ప అక్కడ ఎవరూ కాపురముండటం లేదనీ, తగు చర్య తీసుకోవాలనీ దాని సారాంశం. సెక్షన్ ఆఫీసరమ్మ కచ్చితమైన మనిషి. శుక్రవారానికి రిపోర్టు కావాలంది. యజమాని లేదని తేలితే రద్దు, మళ్ళీ కావాలంటే కొత్త దరఖాస్తు పెట్టుకుని వరస చివర నిలబడాలి. ఆ వరసలో అప్పటికే రెండువందల పన్నెండుమంది ఉన్నారు, ఏడాదికి పదో పదిహేనో పేర్లు కదులుతాయి. మిషనమ్మకు యాభై ఎనిమిదేళ్ళు. లెక్క ఎవరికి వారే వేసుకోవచ్చు.

బుధవారం పొద్దున ఇన్‌స్పెక్టరు వెళ్ళేసరికి తలుపు తీసింది మిషనమ్మ కాదు, ఆవిడ చెల్లెలు. చెల్లెలు రెండు వీధుల అవతల మొగుడితో, ఇద్దరు పిల్లలతో ఉంటుంది. అక్క నోరు కూడా తనకే ఇచ్చేశాడేమో దేవుడు అన్నట్టు మాట్లాడుతుంది. గుమ్మంలోనే మొదలుపెట్టింది. అక్క ఇంట్లోనే ఉందట, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుందట, ఇల్లు కదలమన్నా కదలదట, కావాలంటే ఎవరినైనా అడగమంది. ఎవరినో అడిగితేనే కదా ఈ పిటిషను వచ్చిందని ఇన్‌స్పెక్టరు మనసులో అనుకున్నాడు.

హాలు గోడకు కుటుంబం ఫోటోలు నాలుగు వేలాడుతున్నాయి. వాటి కింద నేల మీద మేకులు దిగినప్పుడు రాలిన సున్నం పొడి ఇంకా ఊడవలేదు. ముందుగదిలో పెద్ద మంచం మీద ఒక శాలువా, కళ్ళజోడు పెట్టె, బోర్లా తెరిచిన పుస్తకం ఉన్నాయి. గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులు. అన్నీ అక్కవేనని చెల్లెలు అడక్కుండానే చెప్పింది. అక్క గోడ పక్కన నిలబడి వింటోంది. సన్నటి మనిషి. అడుగు తీసి అడుగు వేస్తే చప్పుడు కాదు.

ఆయన వంటింట్లోకి వెళ్ళి సొరుగులు లాగాడు. మూడోది నిండుగా ఉంది. చూడగానే తెలిసిపోయింది, అది కొనితెచ్చిన సరుకు కాదు, ఏళ్ళ తరబడి పోగుపడిన అసలైన చెత్త. అసలైనదేగాని ఈ ఇంటిది కాదు. ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టాడు. గడ్డం గీసుకునే బ్లేళ్ళ పెట్టె. స్కూలు బస్సు పాసు. విరిగిన కంపాసు. మగవాళ్ళ గడియారం పట్టీ.

"ఈ ఇంట్లో గడ్డం ఎవరు గీసుకుంటారమ్మా?" అన్నాడు.

చెల్లెలు నోరు తెరిచి, మూసి, చివరికి ఒప్పేసుకుంది. అది వాళ్ళింటి సొరుగే. పొద్దున్నే సంచీలో బోర్లించి తెచ్చింది. ఆ సారు సొరుగు చూస్తాడని ఊరంతా అంటుంటే ఏం చెయ్యమంటారు, మా అక్క సొరుగులు చూస్తే ఆస్పత్రి సొరుగుల్లా ఉంటాయి, ఒక్క రబ్బరుబ్యాండైనా కనబడదు అని వాపోయింది. ఇన్‌స్పెక్టరు హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు. 'సొంతదారు నివాసం లేదు' అని రాశాడు. సంతకం పెట్టబోతూ గొంతు పొడారిపోయిందని మంచినీళ్ళడిగాడు.

అక్క వంటింటి వైపు వెళ్ళింది. తలుపు దగ్గరకేసి ఉంది, ఆయనే వస్తూ వేశాడు. ఆవిడ తలుపు ముందు ఆగి, వేలి కణుపుతో రెండుసార్లు మెల్లగా కొట్టింది. కాసేపు ఆగింది. అప్పుడు తోసుకుని లోపలికి వెళ్ళింది.

లోపల పురుగు కూడా లేదు. ఆవిడ తలుపు కొట్టినప్పుడు ముగ్గురూ హాల్లోనే ఉన్నారు, ఇంట్లో నాలుగోవాళ్ళు లేరు. ఆవిడ నీళ్ళు తెచ్చి బల్ల మీద అట్టముక్క వేసి, దాని మీద గ్లాసు పెట్టి, పక్కన పడ్డ చుక్కను కొంగుతో తుడిచి, మళ్ళీ గోడ పక్కకు వెళ్ళి నిలబడింది. కూర్చోమన్నాడు. కుర్చీ అంచున కూర్చుంది.

"మీ వంటింటి తలుపు మీరు కొడతారేంటమ్మా?"

"లోపల ఎవరైనా ఉంటారేమోనండీ. అలవాటైపోయింది."

ఇన్‌స్పెక్టరు పెన్ను కింద పెట్టాడు. వేరే ఇంట్లో ఉండి వారానికోసారి వచ్చి దుప్పట్లు మార్చిపోయే మనిషికి ఇలాంటి అలవాటు రాదు. పరాయివాళ్ళతో పొద్దస్తమానం వంటిల్లు పంచుకునే మనిషికే వస్తుంది. నలభై మూడు ఇళ్ళలో అబద్ధం పట్టుకున్న తాను ఈ ఇంట్లో నిజాన్ని పట్టుకోలేక పప్పులో కాలేశానా అని ఆయనకు మొదటిసారి గుబులు పుట్టింది. రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారని అడిగాడు. ముందుగదిలోనే అంది చెల్లెలు. మిమ్మల్ని కాదమ్మా అన్నాడు.

అక్క చెల్లెలి వైపు చూసింది, ఆయన వైపు చూసింది. తరవాత లేచి, మేడమెట్ల కింద నడుమెత్తు తలుపొకటుంటే దాన్ని తెరిచింది.

లోపల ఒక పరుపు. పడుకుంటే పక్కకు తిరగడానికి చోటు లేదు, ఎందుకంటే అటూ ఇటూ ఉతికి మడతపెట్టిన దుప్పట్లు, తువ్వాళ్ళు దొంతర్లుగా ఉన్నాయి. చిన్న బల్బు. నెత్తి మీద మెట్ల అడుగుభాగం. ఒక్కో మెట్టు కిందా ఒక్కో మేకు, మేకుకో వస్తువు. కళ్ళజోడు, నొప్పుల మందు, చెవిలో పెట్టుకు వినే రేడియో, టూత్‌బ్రష్షు ఉన్న ప్లాస్టిక్ గ్లాసు, కుట్టుపని టేపు, తండ్రి ఫోటో. చివరి మేకుకు ఒక గుడ్డసంచీ. ఆయన అడిగి తీసుకుని చూశాడు. రబ్బరుబ్యాండ్లు, బొత్తాలు, ఏ తాళానిదో తెలియని తాళంచెవి. ఒక మనిషి కాపురమంతా పదకొండు మెట్ల కింద ఉంది.

ఎందుకిలా అని అడిగితే ఆవిడ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. మొదటి ఏడాది అన్నీ బయటే ఉండేవట. గోడ మీద ఫోటోల్లో ముసలాయన తమనే చూస్తున్నట్టుందని ఒక జంట ఫోన్లో రాసి, ఒక నక్షత్రం తగ్గించారు. ఫోటోలు దింపేసింది. పొద్దున్నే మిషను చప్పుడని ఇంకెవరో రాశారు. చేయి బాగున్నప్పుడు ఏదో ఒకటీ అరా కుట్టుకుందామని ఉంచుకున్న మిషనును చెల్లెలింటికి పంపేసింది. హాల్లో నొప్పుల మందు వాసనన్నారు. గుమ్మం దగ్గర పాత చెప్పులన్నారు. టీవీ అన్నారు. ఒకమ్మాయి చీకట్లో స్నానాలగది ముందు ఈవిణ్ణి చూసి జడుసుకుంది. అప్పట్నుంచి తొమ్మిది దాటితే ఈవిడ ఆ వైపు వెళ్ళదు. అందుకని సాయంత్రం నాలుగు దాటాక నీళ్ళు తాగడం మానేసింది. మాసిన దుప్పట్ల మూటతో వీధిలోకి వెళితే బాగుండదని వెనకగుమ్మం నుంచే రాకపోకలు. ఎదురింటాయనకు కనబడమంటే ఎలా కనబడుతుంది?

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆవిడకు అది చెడ్డ బేరంలా కనబడలేదు. ఫోను తీసి చూపించింది, ముఖంలో కొంచెం వెలుగు కూడా వచ్చింది. కిందటి వారం వచ్చి వెళ్ళినవాళ్ళు రాసిన మాటలవి. 'యజమానురాలు ఇంట్లోనే ఉంటారట, ఉన్నట్టే తెలియలేదు. అద్భుతం.' ఐదు నక్షత్రాలు. అలాంటివి పైనుంచి కింది దాకా నలభై ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు ఫైల్లోంచి పిటిషను తీసి మళ్ళీ చదివాడు. ఎదురింటాయన రాసిందీ అదే మాట. ఆయన నక్షత్రాలు ఇవ్వలేదంతే.

సరే, మనిషి ఇక్కడే ఉంటోందని తేలింది. రాసిన వాక్యం కొట్టేశాడు. అంతటితో అయిపోతే కథే లేదు. కొత్త వాక్యం రాయడానికి ఏ గదిలో నివాసమో నింపాలి. నివాసగది అంటే రూలు పుస్తకంలో అర్థం వేరే ఉంది. బయటి గాలి వచ్చే కిటికీ ఉండాలి, ఎనభై చదరపు అడుగులకు తగ్గకూడదు. ఆయన టేపు సగంలో బిగుసుకుపోతే ఆవిడ మేకు మీది తన టేపు తీసి, ఎవరి భుజాలో కొలుస్తున్నట్టు చకచకా కొలిచి అంకెలు చెప్పింది. ముప్ఫై ఒకటి. కిటికీ లేదు. రూలు దాన్ని సామాను పెట్టుకునే చోటంటుంది. సామాన్లకు నివాసం ఉండదు.

"నేను ఇక్కడుంటున్నాననే కదండీ మీకు కావాల్సింది. ఉంటున్నాను కదా," అంది ఆవిడ.

"ఉంటున్నారమ్మా. మనిషి ఉండకూడని చోట ఉంటున్నారు. ఉన్నదున్నట్టు రాసినా మీ లైసెన్సు పోతుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్‌స్పెక్టరే చెప్పాడు, దారి ఒక్కటే ఉంది. ముందుగదో వెనకగదో, ఒకటి అద్దెకివ్వడం మానేసి ఆవిడ తనకు ఉంచుకోవాలి. నిజంగా ఉంచుకోవాలి. అప్పుడు రెండో గదికి లైసెన్సు నిలబడుతుంది. చెల్లెలు వెంటనే, అయితే వెనకగది రాసేసుకోండి, కాగితం మీద ఏదైతేనేం అంది. వెనకగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, నీళ్ళ మోటారు రొద. జనం వచ్చేదంతా బాల్కనీ ఉన్న ముందుగది కోసమే. కాగితం మీద సరిపోయేదైతే నేను ఆఫీసులో ఫ్యాను కిందే కూర్చుని రాసేవాణ్ణి అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అక్క ఒక్కటే అడిగింది. సెలవుల దాకా రెండు గదులూ అడిగిపెట్టుకున్నవాళ్ళున్నారు, వాళ్ళకు ఏమని చెప్పాలి అని. లైసెన్సు పోతుందంటే ఇంత బాధపడలేదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కాదని చెప్పాలంటే పడింది. ఆయనకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం. ఇల్లు మీదమ్మా, మీకు తోచింది చెప్పండి అనేసి చెప్పులేసుకున్నాడు.

ఆఫీసులో సెక్షన్ ఆఫీసరమ్మ అంతా విని, ఇందులో ఆలోచించడానికేముంది, రద్దు అంది. సరిదిద్దుకోదగ్గ లోపానికి ఏడురోజుల నోటీసు ఇవ్వొచ్చని ఆయన పుస్తకం తెరిచి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది.

"నలభై మూడు పీకినప్పుడు లేని జాలి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"జాలి కాదు మేడమ్. ఆ నలభై మూడిళ్ళలో మనిషి లేడు. ఇక్కడుంది."

ఆవిడ నోటీసు మీద సంతకం చేసి, ఎనిమిదో రోజుకు పని కాకపోతే రద్దు ఆర్డరు తన బల్ల మీంచే వెళుతుందని, అప్పుడు తన ముందు పుస్తకాలు తెరవొద్దని చెప్పింది. మాట మీద నిలబడే మనిషే. అదే భయం.

ఆ వారంలో చెల్లెలు ఆఫీసుకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి బాబూ నాయనా అంది, రెండోసారి కౌంటరు ముందు గొంతు పెంచింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే రకమని గుమాస్తాలు నవ్వుకున్నారుగాని, ఆమె చెప్పిన మాటలకు ఇన్‌స్పెక్టరుకు నవ్వు రాలేదు. అక్క ఇంకా మెట్ల కిందే పడుకుంటోందట. పగలు వెనకగదిలోకి పంపి తలుపేస్తే, పావుగంట మంచం అంచున కూర్చుని, లేచి దుప్పటి ముడతలు సవరించి బయటికి వచ్చేస్తోందట. ఎవరైనా వస్తారేమోనని గుండె దడగా ఉందంటోందట.

"నాలుగేళ్ళు ఒదిగి ఒదిగి బతికిన మనిషి వారంలో కాళ్ళు చాపుకుంటుందా, మీరే చెప్పండి," అంది చెల్లెలు.

రూలు గదిని కొలవగలదు, మనిషికి అందులో పడుకునే ధైర్యం ఇవ్వలేదు. ఏడోరోజు రాత్రి ఇంటికెళ్ళి భోజనాల దగ్గర భార్యతో అన్నాడు, ఖాళీ గది పెట్టుకుని పడుకోవడానికి అంత కష్టమేమిటని. కష్టం కాదా, అద్దె వచ్చే మంచం మీద ఒళ్ళు వాల్చడమంటే నోట్ల కట్ట మీద పడుకున్నట్టే, నాకైతే కన్ను మూతపడదు అందామె. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. మర్నాడు వెళ్ళి మెట్ల కింద అదే పరుపు చూసి, అదే నిజమని రాసి, ఆవిణ్ణి రెండువందల పదమూడో మనిషిగా నిలబెట్టి రావాలి. తప్పించుకునే దారి లేదు.

ఎనిమిదో రోజు పొద్దున పదిన్నరకు బెల్లు కొట్టాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాడు. ఆవిడ గురించి ఫోన్లో జనం రాసిన వాటిలో, బెల్లు చప్పుడు ఆగకముందే తలుపు తెరుచుకుంటుందన్నది నాలుగైదు చోట్ల చదివాడు. మూడోసారీ కొట్టాడు. చెల్లెలింటికి వెళ్ళిపోయిందన్నమాట. ఎదురింటాయన గేటు పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

తలుపు తీసింది ఒక కుర్రజంట. అబ్బాయి జుట్టు రేగి ఉంది, చేతిలో టీ కప్పు. వెనకగదిలో దిగారట, నిన్న సాయంత్రమే వచ్చారట. యజమానురాలేదని ఇన్‌స్పెక్టరు అడగడమే పాపం, అబ్బాయి ఏకరువు పెట్టాడు. పొద్దున్నే టీ ఇస్తామని ఫోన్లో రాశారు, ఎనిమిదైంది, తొమ్మిదైంది, అతీగతీ లేదు. చివరికి తామే వంటింట్లో డబ్బాలన్నీ వెతుక్కుని కాచుకున్నారు, చక్కెర డబ్బా దొరకనే లేదు. అసలు వాళ్ళడిగింది బాల్కనీ గది. ఆ గది ఇక ఎవరికీ ఇవ్వడం లేదని వీళ్ళు వచ్చీరాగానే ఆవిడ చెప్పేసిందట. ఇదంతా రాసి మూడు నక్షత్రాలకు మించి ఇచ్చేది లేదన్నాడు.

"ఆవిడ ఎక్కడికి వెళ్ళారు?"

"ఎక్కడికీ వెళ్ళలేదండీ, అదే కదా చెబుతున్నాను. ఇంకా లేవలేదు. గురక మీకు వినబడటం లేదా?" అంది అమ్మాయి.

వినబడుతోంది. ముందుగది తలుపు ఓరగా ఉంది. ఇన్‌స్పెక్టరు రెండడుగులు వేసి చూశాడు. బాల్కనీ తలుపు బార్లా తెరిచి ఉంది, ఎండ మంచం మీదకు ఎక్కేసింది. మిషనమ్మ ఆ పెద్ద మంచానికి అడ్డంగా, కాళ్ళూ చేతులూ ఎటువి అటు పారేసుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. దుప్పటి సగం నేల మీద ఉంది. పక్కన రేడియో తనలో తాను ఏదో చెప్పుకుంటోంది. చెప్పుల్లో ఒకటి గుమ్మం దగ్గర, రెండోది ఎక్కడుందో కనబడలేదు. ఆయనకు సంతోషం వేసింది, దాచుకోవడానికేమీ లేదు.

ఆ ఇంట్లో ఆయన ఒక్క సొరుగు కూడా లాగలేదు. హాల్లోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకుని 'నివాసం ఉంది, ముందుగది, లైసెన్సు కొనసాగించవచ్చు' అని రాశాడు. కింద తన సంతకం పెట్టాడు. పక్కన సొంతదారు సంతకం కావాలి. అది లేకుండా ఫైలు కదలదు. గడియారం చూసుకున్నాడు. పదకొండింటికి ఇంకో వీధిలో తనిఖీ ఉంది. పెన్ను మూత పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీరూ గది కోసమేనా? లేపమంటారా ఆవిణ్ణి? ఇలాగైతే ఎంతసేపని కూర్చుంటాం?" అని కుర్రాడు గొంతు పెంచాడు.

"మెల్లగా బాబూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంటావిడ పడుకున్నారు."